సగం కాయకు లెక్క లేకుండా సాయమా?

కిలో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు. 2025 సీజన్‌లో ఉమ్మడి చిత్తూరు మామిడి రైతుకు ఖాయం చేసిన 12 రూపాయల లెక్క అది. కాయ కొనే ర్యాంపుల ముందు రోజుల తరబడి నిలిచిన ట్రాక్టర్లు, కాయ దించే వంతు టోకెన్ల కోసం పడిగాపులు, అమ్ముడుపోక రోడ్డు మీద పారబోసిన కాయలు పాఠకులు చూసినవే, చాలామంది అనుభవించినవే. రైతుకు ఆ 4 రూపాయలు ఇవ్వడం తప్పని మేం అనడం లేదు. అవి రాకపోతే కోత కూలి, ట్రాక్టరు బాడుగ కూడా గిట్టని తోటలు ఎన్నో ఉన్నాయి. మా అభ్యంతరం వేరు. ప్రజల సొమ్ము పోసి కొనిపించిన కాయలో దాదాపు సగం ఎక్కడికి పోయిందన్న మాట ఆ చర్చలో రానేలేదు. అంతా ధర చుట్టూనే తిరిగింది. తొక్క, టెంకల ఊసు ఎత్తిన వాళ్లు లేరు. అలా అడగకుండా, షరతు పెట్టకుండా ఇచ్చిన సాయం ఆనవాయితీ అయిపోతుందన్నదే మా భయం.

సగం అన్నది నోటిమాటగా అంటున్నది కాదు. 100 కిలోల పండు యంత్రంలోకి వెళితే డ్రమ్ముల్లోకి చేరే గుజ్జు 50 నుంచి 60 కిలోలు. తొక్క 15–20 కిలోలు, టెంక ఇంకో 15–20 కిలోలు. మిగిలింది ముచ్చికలు, పీచు, ఏరి పక్కన పడేసిన కుళ్లు కాయ. రోజుకు 200 టన్నులు ఆడించే యూనిట్ ఒకటి ఉందనుకుందాం. పొద్దుగూకేసరికి దాని వెనక గేటు నుంచి 80 టన్నులకు తక్కువ కాకుండా బయటికి రావాలి. పది టన్నుల టిప్పర్లయితే ఎనిమిది. మర్నాడు మళ్లీ ఎనిమిది. 40 రోజుల సీజన్‌లో ఒక్క యూనిట్ నుంచే 3,200 టన్నులు. ముందు గేటులో రైతు ట్రాక్టరు వేబ్రిడ్జి ఎక్కాల్సిందే, తరుగు పేరిట కోత భరించాల్సిందే. వెనక గేటులో టిప్పరును తూచే ఏర్పాటు చాలాచోట్ల లేదు.

ఆ టిప్పర్లు ఎక్కడ దించుతున్నాయో తెలుసుకోవడానికి తనిఖీ బృందం అక్కర్లేదు. సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల రోడ్ల మీద బండి మీద పోతుంటే ముక్కే చెబుతుంది. చెరువు కట్ట దిగువన, పాత క్వారీ గుంతల్లో, వంక ఒడ్డున పసుపుపచ్చని కుప్ప. మొదటి రోజు తియ్యటి వాసన, రెండో రోజుకే పులుపు, మూడో రోజుకు ఈగల ముసురు. అడుగు నుంచి జిగటగా నల్లటి రసం కారుతుంటుంది. జులైలో ఒక జల్లు పడితే చాలు, ఆ రసమంతా వంకలోకి దిగుతుంది. చక్కెర నిండిన ఆ నీటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తాయి. చేపలు తేలేది అందుకే.

కుప్ప చేసే చెరుపు అక్కడితో ఆగదు. కుళ్లు కాయలోని పండు ఈగ పురుగులు నేలలోకి దిగి ప్యూపాలవుతాయి. వారం పదిరోజుల్లో ఈగలై పైకి లేచి, ఆలస్యంగా కోతకొచ్చే తోటల మీద పడతాయి. టెంకలో దాగిన టెంక పురుగు పెద్దదై బయటికొచ్చి, చెట్ల బెరడు పగుళ్లలో నెలల తరబడి నక్కి, పూత నాటికి తోటలోకి దిగుతుంది. ఈ రైతే మందు కొట్టాలి, ఈ రైతే కాయకు పుచ్చు ఉందంటే ధర తగ్గించుకోవాలి. కుప్ప పోసినవాడికి పైసా ఖర్చు లేదు.

పారబోస్తున్నది పనికిరానిదైతే ఇంత బాధ లేదు. టెంక పగలగొడితే వచ్చే జీడిని చూడండి. ఎండిన జీడిలో పదో వంతు దాకా కొవ్వు ఉంటుంది. మామూలు వేడిలో గడ్డకట్టి, ఒంటి వేడికి దగ్గర్లో కరుగుతుంది. అందుకే అది కోకో వెన్నకు దగ్గరి చుట్టం. ఐరోపా సమాఖ్య 2000లో తెచ్చిన చాక్లెట్ నిబంధనల్లో, కోకో వెన్నతో పాటు 5 శాతం దాకా కలపడానికి ఒప్పుకున్న ఆరు రకాల కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. మనం అనుకున్న 200 టన్నుల యూనిట్‌కే లెక్క వేద్దాం. టెంకలు 30 టన్నులకు తక్కువుండవు. అందులో సగం జీడి అనుకున్నా 15 టన్నులు. తేమ పోతే 8 టన్నులు. కొవ్వు రోజుకు సుమారు 800 కిలోలు. ఆ సరుకును వంక ఒడ్డున పోస్తున్నారు.

అయితే జీడి కాచుకుని కూర్చోదు. తడి టెంకను రెండు మూడు రోజులు కుప్పలో వదిలేస్తే లోపల బూజు పడుతుంది, కొవ్వు విరిగి ఆమ్లాలు పెరుగుతాయి. ఆ జీడిని నూనె మిల్లు కొనదు, కొన్నా సబ్బుల ధరకే. కాబట్టి ఏ రోజు టెంక ఆ రోజే కడిగి గుజ్జు వదిలించి, సిమెంటు కళ్లంలో పలచగా పరవాలి. మబ్బు పట్టే రోజులు కాబట్టి ఎండనే నమ్ముకుంటే కుదరదు. బాయిలర్ పొగ గొట్టంలో వృథాగా పోయే వేడిని డ్రయ్యర్‌కు మళ్లించాలి. తేమ 10 శాతం లోపుకు దిగాక యంత్రంతో పెంకు పగలగొట్టి జీడి వేరు చేయాలి. ఆ పెంకు అదే బాయిలర్‌లో కట్టెలకు బదులు మండుతుంది. ఎండిన జీడి నెలల తరబడి నిల్వ ఉంటుంది. నూనె తీయడం సీజన్ అయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు.

తొక్క సంగతి ఇంకా దారుణం. పాడి మీద బతికే జిల్లా ఇది. ఎండాకాలం చివర వరిగడ్డి మోపు కొనలేక ఆవును అమ్ముకునే ఇళ్లు ఉన్న జిల్లా. అక్కడ టన్నుల కొద్దీ తొక్కను మురగబెడుతున్నారు. పచ్చి తొక్కలో 80 శాతం నీరే కాబట్టి ఉత్త తొక్కను పాతరేస్తే కుళ్లిపోతుంది. 100 కిలోల తొక్కకు 20 కిలోల చొప్పున తరిగిన వరిగడ్డో, జొన్న చొప్పో కలిపితే తేమ 70 శాతం లోపుకు వస్తుంది. పొరలు పొరలుగా వేసి, గాలి లేకుండా తొక్కించి, ప్లాస్టిక్ పట్ట కప్పి అంచుల మీద మట్టి వేస్తే 30 నుంచి 45 రోజుల్లో పాతర మేత తయారు. పట్టకు చిల్లి పడితే ఆ చోట బూజు పడుతుంది. ఆ భాగం తీసి పారేయాలి, పశువుకు పెట్టకూడదు. తియ్యగా ఉందని పచ్చి తొక్క ఒక్కసారిగా గంపెడు పెడితే పొట్టలో ఆమ్లం పెరిగి ఆవు మేత మానేస్తుంది. కొద్ది కొద్దిగా అలవాటు చేయాలి. ఇదంతా నేర్పడానికి తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. ఫ్యాక్టరీ గేటుకూ ఆవుల కొట్టానికీ మధ్య దూరం చాలాచోట్ల ఐదారు మైళ్లు కూడా లేదు.

నీటి మాట కూడా చెప్పుకోవాలి. ప్రపంచ సగటు లెక్కల్లో కిలో మామిడి వెనక సుమారు 1,800 లీటర్ల నీరుంది. అధికభాగం వాన నీరే కావచ్చు. కానీ కరువు ఏళ్లలో చెట్టు చావకుండా ట్యాంకరుతో పాదులు తడిపిన రైతును అడగండి, వెయ్యి అడుగుల బోరు నుంచి ఒక్కో బిందె ఎలా వచ్చిందో చెబుతాడు. ఆ నీటితో పండిన కాయలో సగాన్ని, ఫ్యాక్టరీలో మళ్లీ బోరు నీళ్లతో కడిగి కాలువలోకి తోస్తున్నారు. నేల మీద పడిన తొక్కను ముందు చీపురుతో ఎత్తి, తర్వాత పైపు పెడితే సగం కాలుష్యం కాలువ దాకా రాదు. చివరి కడుగు నీటిని మొదటి కడుగుకు వాడుకోవచ్చు. గుజ్జు చిక్కబరిచేటప్పుడు ఆవిరై చల్లబడిన నీరు బాయిలర్‌కు పనికొస్తుంది. వీటికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు.

ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి ప్లాంట్లు ఎందుకు పనిచేయడం లేదన్నదీ రహస్యం కాదు. మురుగును శుద్ధి చేసేవి సూక్ష్మజీవులు. పది నెలలు తిండి లేక అవి చచ్చిపోతాయి. జూన్‌లో యంత్రం తిరిగిన రోజే ప్లాంటు స్విచ్ వేస్తే ఏమీ శుద్ధి కాదు. సీజన్‌కు నెల రోజుల ముందు నుంచే పేడ నీళ్లు పోసి, కాస్త కాస్త చక్కెర నీరు అలవాటు చేస్తూ వాటిని పెంచాలి. ఆ నెల రోజుల కరెంటు, కూలి ఖర్చుకు వెనకాడేచోట సీజనంతా పచ్చి మురుగే పోతుంది. వాగుల్లోకి వదిలే నీటిలో బీఓడీ, అంటే అందులోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు పీల్చే ప్రాణవాయువు కొలత, లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదన్నది నిబంధన. ఆ మురుగులో అది వేలల్లో ఉంటుంది.

సీజన్ నలభై, యాభై రోజులే, ఏడాదంతా ఖాళీగా ఉండే యంత్రాల మీద ఎవరు పెట్టుబడి పెడతారు, పాత గుజ్జే అమ్ముడుపోలేదు అని పరిశ్రమ వాళ్లు అంటారు. నిల్వల బాధ నిజమే. కానీ జీడిని ఎండబెట్టి దాచుకోవచ్చని పైన చెప్పాం. నాలుగైదు యూనిట్లు కలిసి ఒక డ్రయ్యరు, ఒక పెంకు యంత్రం పెట్టుకుంటే సరిపోతుంది. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. లేనిది ఆ ఆలోచనే. చెత్తను ఉచితంగా పారబోసే వీలున్నన్నాళ్లూ ఆ ఆలోచన రాదు కూడా.

అందుకే షరతు గురించి ఇంతగా పట్టుబడుతున్నాం. 4 రూపాయలు రైతు ఖాతాలో పడ్డమాట నిజం. దాంతో 12 రూపాయల కాయ ఫ్యాక్టరీకి 8 రూపాయలకు దక్కిందన్నదీ అంతే నిజం. అంటే ఆ సాయంలో ఫ్యాక్టరీకీ వాటా ఉంది. వాటా తీసుకున్నవాళ్లను లెక్క అడగడంలో అన్యాయమేముంది? జీడి, తొక్క, పెంకు అమ్మితే వచ్చే ప్రతి రూపాయీ కాయ ధరలో కలవాల్సిన రూపాయి. అది వంకలో కలిసిపోతుంటే, ఆ లోటును ఖజానా పూడుస్తోంది. ఒక ఏడు అడగకుండా ఇచ్చారు. రెండో ఏడు అడగబోతే, పోయినేడు లేని షరతు ఇప్పుడెందుకంటారు. మూడో ఏటికి అడగడమే నేరమవుతుంది. ఆనవాయితీ అంటే ఇదే. మామిడికి ఇలా జరిగాక రేపు టమోటాకూ ఇదే దారి పడుతుంది.

ఇంకో పక్క పాలన ఎవరి మీద కఠినంగా ఉందో చూడండి. తిరుపతిలో ఇల్లాలు అరటి తొక్కను తడి చెత్త బుట్టలో వేయాలి, పాల కవరును పొడి చెత్తలో వేయాలి. తిరుమల కొండ మీద భక్తుడి చేతిలో ప్లాస్టిక్ నీళ్ల సీసా కనిపించకూడదు. రెండూ మంచివే, మేం సమర్థించాం. డ్రిప్ పెట్టు, చుక్క వృథా చేయకు అని రైతుకు పాఠాలు చెబుతారు. అదీ మంచిదే. మరి రోజుకు ఎనిమిది టిప్పర్ల చెత్తను అడిగే నాథుడేడి? 2030 నాటికి సహజ వనరులను పొదుపుగా వాడతాం, పంట నుంచి పళ్లెం దాకా ఆహార నష్టాన్ని తగ్గిస్తాం అని 2015లో ఐక్యరాజ్యసమితిలో మన దేశం మాటిచ్చింది. ఆ మాట ఇల్లాలికీ, భక్తుడికీ, రైతుకూ మాత్రమే వర్తిస్తుందా?

అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి యూనిట్‌లో నాలుగు గళ్ల పుస్తకం. లోపలికొచ్చిన కాయ, బయటికెళ్లిన గుజ్జు, తొక్క, టెంక. వెనక గేటు టిప్పరుకూ వేబ్రిడ్జి చీటీ, అది దించిన చోటు పేరు. తప్పుడు లెక్క రాస్తే పట్టుకోవడం సులువు. 200 టన్నుల కాయకు 215 కిలోల డ్రమ్ములు 510 నిండితే గుజ్జు సుమారు 110 టన్నులు. మిగిలిన 90 టన్నులు ఎక్కడున్నాయో చూపించాలి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కింద ఈ యూనిట్లకు నడిపే అనుమతి ఇచ్చేది కాలుష్య నియంత్రణ మండలే. ఆ అనుమతిలో ఈ పుస్తకాన్ని షరతుగా రాయడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. పుస్తకం చూపని యూనిట్‌కు సాయం కిందికొచ్చే కాయ కొనే అర్హత ఉండకూడదు. దానికి కేటాయించిన టోకెన్లు లెక్క చూపిన యూనిట్లకు మళ్లించాలి. రైతుకు దక్కాల్సిన సొమ్ము మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఈ పని తొలి టోకెన్ ఇవ్వకముందే జరగాలి. కాయ పక్వానికొచ్చి ట్రాక్టర్లు రోడ్డెక్కాక ఏ ప్రభుత్వమూ ఫ్యాక్టరీతో బేరమాడలేదు. ఆ సంగతి ఫ్యాక్టరీలకు తెలుసు, అధికారులకు ఇంకా బాగా తెలుసు. తెలిసీ మే నెల దాకా ఫైలు కదపకుండా కూర్చుని, జూన్‌లో రైతు కన్నీళ్లు చూపించి షరతు లేని సొమ్ము విడుదల చేస్తే, దాన్ని రైతు సాయమని పిలవడానికి మేం ఒప్పుకోం.