మా ఒక్కరికే చేయాలంటే పైకం ఇవ్వాల్సిందే

‘పని ముగిశాక రెండేళ్లపాటు, ఎక్కడైనా సరే, ఇదే తరహా వ్యాపారానికి సేవలు అందించరాదు.’ ఇద్దరు ముగ్గురితో నడిచే ఆన్‌లైన్ వ్యాపారాలు కూడా ఇప్పుడు ఫ్రీలాన్సర్ల చేత ఈ నాన్-కంపీట్ క్లాజు మీద సంతకం పెట్టించుకుంటున్నాయి. పెద్ద కంపెనీల ఒప్పందాల నమూనా దించుకుని పేర్లు మార్చడం వల్ల వచ్చిన తంటా ఇది. చర్మ సంరక్షణ ఉత్పత్తుల ప్రకటనలు నడపడమే వృత్తిగా ఉన్న మనిషిని రెండేళ్లు ఆ రంగంలోకి రావద్దంటే ఏం తిని బతకాలి? ఈ క్లాజును కొట్టేయించాల్సిందే.

మన చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, న్యాయబద్ధమైన వృత్తి వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికున్న పేరు, ఆదరణతో) సహా అమ్మినప్పుడే సహేతుకమైన మినహాయింపు. ఇది ఉద్యోగులకే పరిమితం అనుకునేవారు 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన పర్సెప్ట్ డి’మార్క్ - జహీర్ ఖాన్ తీర్పు చూడాలి. అది క్రికెటర్‌కూ ప్రచార సంస్థకూ మధ్య ఒప్పందం. గడువు తీరాక కూడా అతన్ని కట్టిపడేసే షరతు చెల్లదని కోర్టు తేల్చింది.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. ఒప్పందం నడుస్తున్నంతకాలం పెట్టే ఆంక్ష సాధారణంగా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన గోలికరి తీర్పు చెబుతోంది. కాబట్టి ఏటా దానంతటదే పొడిగింపయ్యే రిటైనర్‌లో, అంటే నెలనెలా స్థిర రుసుముతో నడిచే ఒప్పందంలో, ‘ఇతర క్లయింట్లు వద్దు’ అన్న వాక్యం ఉంటే అది నిజంగానే మెడకు చుట్టుకుంటుంది. ఫ్రీలాన్సర్లు చివరి పేజీలోని రెండేళ్ల నిషేధాన్ని చూసి భయపడుతూ ఈ వాక్యాన్ని చదవకుండానే వదిలేస్తున్నారు.

మా ధరలు, సరఫరాదారులు, ఏ ప్రకటనకు ఎంత అమ్మకమో అన్నీ తెలిసినవాడు రేపు పోటీదారు దగ్గర చేరితే ఎలా అని వ్యాపారులు అడుగుతారు. భయం సహేతుకమే, మందే తప్పు. గోప్యతా క్లాజులో ‘సమస్త సమాచారం’ అని రాయకుండా సరఫరాదారుల జాబితా, లాభాల లెక్కలు, కస్టమర్ల డేటా అని విడివిడిగా పేర్కొనండి. డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా), యాడ్స్ ఖాతా, అనలిటిక్స్ (సైట్ సందర్శకుల లెక్కలు) మీ ఈమెయిల్ పేరనే తెరిచి, ఫ్రీలాన్సర్‌కు పనికి అవసరమైన అనుమతి మాత్రమే ఇవ్వండి. పని ముగిసిన రోజే దాన్ని తీసేయండి. అతని సొంత జీమెయిల్‌తో తెరిచిన యాడ్స్ ఖాతా పోతే, దాంతోపాటే ప్రచార చరిత్రంతా పోతుంది. ఏ నాన్-కంపీట్ క్లాజూ దాన్ని వెనక్కి తేలేదు.

ఇంకా విచిత్రం కాపీరైట్ సంగతి. ఫ్రీలాన్సర్ రాసిన కోడ్, ప్రకటన పాఠం మీద హక్కు రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు మామూలుగా అతనిదే. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని కాపీరైట్ చట్టం సెక్షన్ 19 భావిస్తుంది. విదేశాలకూ అమ్మే వెబ్‌సైట్‌కు ఇది ఎంత పెద్ద చిల్లో ఆలోచించండి. కోర్టులో నిలవని నిషేధానికి అర పేజీ ఖర్చుపెట్టినవాళ్లు ఈ రెండు మాటలు రాయడం మరచిపోతున్నారు.

ఇదంతా ఒక పెద్ద జబ్బుకు లక్షణం. ఫ్రీలాన్సర్‌కు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జీతంతో కూడిన సెలవు లేదు. విధేయత మాత్రం ఉద్యోగి స్థాయిలో కావాలి! జర్మనీ వాణిజ్య చట్టం సెక్షన్ 74 కింద, ఉద్యోగం మానేశాక ఉద్యోగి మీద ఇలాంటి నిషేధం పెట్టే యజమాని ఆ కాలమంతా పాత రాబడిలో కనీసం సగం చెల్లించాలి. మన దగ్గరా ఫ్రీలాన్సర్లు అదే లెక్క అడగాలి. పని నడుస్తున్నప్పుడు తమకే పరిమితం కమ్మంటే, వద్దనే పోటీదారుల పేర్లు ఒప్పందంలో రాయించండి. వదులుకుంటున్న రాబడికి సరిపడా నెలవారీ కనీస రిటైనర్ రుసుము పెట్టించండి. 30 రోజుల నోటీసుతో బయటపడే వీలు, ఒక్క నెల బిల్లు ఆగినా ఆంక్ష రద్దయ్యే షరతు కూడా అందులోనే చేర్పించండి.