గుమ్మంలో ఏడుపు

పలాసలో జీడిపిక్కల పని నుంచి వచ్చాక మా అమ్మ, పిన్ని అరుగు మీద కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. పిక్క పెంకులోని జీడి అంటుకుంటే చర్మం నల్లబడి పొలుసులుగా లేచిపోతుంది, సబ్బుకు లొంగదు. కుళాయి నీళ్లు రాక అది మూడో రోజు. ముందటి ఆదివారం పాస్టరుగారు బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక, అంటే పౌలు ఫిలిప్పీ ఊరి విశ్వాసులకు రాసిన ఉత్తరం, రెండో అధ్యాయం చదివారు: "సణుగులును సంశయములును మాని, సమస్త కార్యములను చేయుడి." వాదన అక్కడ మొదలైంది.

పిన్ని: పాస్టరుగారికేటక్కా, చెప్పి కూర్చున్నారు. నాలుగు బిందెలతో బోరింగు దగ్గర గంట నిలబడింది నేను. ఆ మాత్రం సణుక్కోకపోతే గుండె పగిలిపోదా?

అమ్మ: గంట నిలబడ్డావు, నిజమే. ఇంటికొచ్చి రెండు గంటలు అదే చెప్పావు. పిల్లాడు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు, చూశావా?

పిన్ని: అంటే నోరు మూసుకోమంటావు. మూసుకుంటే కుళాయి ఎవరు బాగుచేస్తారు? బీదోళ్లు ఓర్చుకోవాలని చెప్పడం అందరికీ సుళువే.

(ఈ మాట దగ్గర నేను పిన్ని పక్షమే. ఓర్పు పేరు చెప్పి మా వాళ్ల నోళ్లు నొక్కినవాళ్లు తక్కువ మంది కాదు.)

అమ్మ: తిత్లీ తుపాను గుర్తుందా? 2018 అక్టోబరు 11. తెల్లారేసరికి ఆరు కొబ్బరిచెట్లు, జీడితోటంతా నేలమీద. ఏడాదిపాటు గుమ్మంలోకి ఎవరొచ్చినా అదే ఏకరువు పెట్టాను. వాళ్లవీ పోయాయే, వినే ఓపిక వాళ్లకెక్కడిది? చివరికి మీ బావగారు కూడా పొద్దుపోయాక వచ్చి, మాటాడకుండా తిని పడుకునేవారు. చెట్లు గాలి పట్టుకుపోయింది. ఇంట్లో మాట నేనే పోగొట్టుకున్నాను.

పిన్ని: మరి జనాన్ని ఐగుప్తు దేశం నుంచి నడిపించుకొచ్చిన మోషే సణగలేదా? సంఖ్యాకాండం పదకొండో అధ్యాయం నువ్వే చదివించావు. ఈ జనాన్నంతా నేను కన్నానా అని దేవుణ్నే నిలదీశాడు.

అమ్మ: అదే అధ్యాయంలో జనం ఏం చేశారు? ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు తలుచుకుని ఎవరి గుడారం గుమ్మంలో వాళ్లు ఏడ్చారు. మోషే ఏడుపు నేరుగా దేవుడి దగ్గరికి పోయింది. ఆయన మోషేని కోప్పడలేదు, బరువు మోయడానికి డెబ్బైమంది పెద్దల్ని తోడిచ్చాడు. నేను గుమ్మంలో ఏడ్చాను చెల్లీ, ఏడాదంతా. ఒక రాత్రి మోకాళ్ల మీద అదంతా ఆయనకే చెప్పేశాను. తిట్టినట్టే చెప్పాను. పొద్దున్న లేచి, కొబ్బరిమొక్కలు ఎక్కడ దొరుకుతాయని మీ బావగారిని అడిగాను.

పిన్ని: ఆయనకి చెబితే కుళాయి వచ్చేస్తుందా?

అమ్మ: రాదు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. వాదన నెగ్గడానికి అమ్మ అబద్ధం ఆడలేదు. అందుకే ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ గుర్తు.

పిన్ని: అయితే పౌలు సంగతి నేను చెబుతాను విను. ఆ పత్రిక రాసింది ఏ ఊరికి? ఆయన్ని బెత్తాలతో కొట్టి జైల్లో పడేసిన ఫిలిప్పీకే కదా. అర్ధరాత్రి తనతోపాటు జైల్లో ఉన్న సీలతో కలిసి పాటలు పాడాడు, బాగుంది. తెల్లారి అధికారులు గుట్టుగా పొమ్మంటే పోయాడా? విచారణ లేకుండా అందరి ముందూ కొట్టారు, ఇప్పుడు వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు.

అమ్మ: (నవ్వి) అది సణుగుడు ఎలాగవుతుందే? అడగాల్సినవాళ్లని అడిగాడు.

పిన్ని: అలాగైతే నేనూ అడుగుతాను. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం. నువ్వూ సంతకం చెయ్యాలి.

అమ్మ: చేస్తాను. అంతవరకు పిల్లాడు తినేటప్పుడు కుళాయి మాట ఎత్తకు.

పిన్ని: ఆగలేకపోతే?

అమ్మ: నన్ను లేపు. ఏ రాత్రయినా సరే, ఇద్దరం మోకరిద్దాం.

పిన్ని నూనె సీసాకి మూత పెట్టి, చేతులు చీరకొంగుకి తుడుచుకుని, తెల్లకాగితం తెమ్మని నన్ను కేకేసింది.