సవరణ: జర్మనీ రెసిడెన్స్ పర్మిట్‌తో యూరప్ తిరగడం గురించి

"జర్మనీ స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే వీసా లేకుండా యూరప్ అంతా తిరిగేయొచ్చు" అని మొన్న రాసిన దాంట్లో ఆ "యూరప్ అంతా" తీసేసి "షెంగెన్ అంతా" (అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) అని చదువుకోండి. దయచేసి పాత పోస్టు చూసి టికెట్లు కొనొద్దు.

స్విట్జర్లాండ్ ఈయూలో లేకపోయినా షెంగెన్‌లో ఉంది కాబట్టి టెన్షన్ లేదు. క్రొయేషియా 2023లో చేరింది, రొమేనియా, బల్గేరియా 2025 జనవరి నుంచి పూర్తిగా కలిశాయి. ఐర్లాండ్ మాత్రం ఈయూలో ఉన్నా షెంగెన్ కాదు, మన ఇండియన్ పాస్‌పోర్టుకి అక్కడ వేరే వీసా కావాలి, లండన్‌కీ అంతే.

అసలు ముఖ్యమైంది రోజుల లెక్క. జర్మనీ బయట మిగతా షెంగెన్ దేశాలన్నీ కలిపి ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులే, దేశానికి 90 కాదు. పారిస్‌లో రాత్రి పదకొండింటికి దిగినా ఆ రోజు లెక్కే, తిరిగొచ్చే రోజూ లెక్కే. రెసిడెన్స్ పర్మిట్ కార్డుతో పాటు ఒరిజినల్ పాస్‌పోర్టు దగ్గరుండాల్సిందే, సరిహద్దు దాటే రైళ్లలో, బస్సుల్లో పోలీసులు ఎక్కి చూస్తుంటారు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు.

చాలా దేశాల రైళ్లు ఎక్కడానికి పనికొచ్చే రైలు పాస్ కూడా యూరెయిల్ కాదు, అది యూరప్ బయట ఉండేవాళ్లకి. ఇక్కడ చదువుకుంటూ ఉంటున్నవాళ్లు కొనాల్సింది ఇంటర్‌రెయిల్, 27 ఏళ్ల వరకు యూత్ ధర వస్తుంది. కానీ మనం ఉండే దేశంలో అది వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారే పనిచేస్తుంది. జర్మనీ ఊళ్లు చూడ్డానికైతే దండగ, దానికి డాయిష్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతా లోకల్, రీజనల్ రైళ్లకి, బస్సులకి పనిచేసే నెలవారీ పాస్) చాలు, ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంత రైళ్లు ఎక్కకుండా ఉంటే సరి.