ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే

టైటానియం గురించి రాసిన మీ వ్యాసం ఇష్టంగా చదివాను, కానీ ఒక్క వాక్యం సరిచేయాలి. టైటానియం 3+ అయాన్‌లో, అంటే మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న టైటానియంలో, మిగిలే చివరి ఎలక్ట్రాన్ 4ఎస్‌లో ఉంటుందని రాశారు. అది 3డిలో ఉంటుంది. (4ఎస్, 3డి అంటే పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే స్థాయిలు.) మొత్తం 22 ఎలక్ట్రాన్లలో ఆర్గాన్ కోర్‌కు, అంటే లోపలి నిండిన పొరలకు, 18 పోగా 3డిలో రెండు, 4ఎస్‌లో రెండు ఉంటాయి. అయాన్ అయ్యేటప్పుడు ముందు పోయేవి 4ఎస్‌వే. మూడోది 3డి నుంచి పోతుంది, అక్కడ ఒక్కటే మిగులుతుంది. "4ఎస్ ముందు నిండింది కదా సార్, ముందే ఎందుకు పోతుంది?" అని మా ఇంటర్ పిల్లలు ఏటా అడుగుతారు. మంచి ప్రశ్నే. ఒకసారి 3డిలో ఎలక్ట్రాన్లు చేరాక వాటి శక్తి 4ఎస్ కన్నా కిందికి దిగుతుందని చెప్పి, ల్యాబ్‌కి తీసుకెళ్తాను.

టైటానియం 4+ ఉన్న ఆమ్ల ద్రావణం నీళ్లలా ఉంటుంది. అందులో జింకు ముక్కలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుడగలు లేస్తూ, టైటానియం 3+గా మారి, మెల్లగా ఊదా రంగు తిరుగుతుంది. ఆ రంగంతా ఒక్క 3డి ఎలక్ట్రాన్‌ది. 500 నానోమీటర్ల దగ్గరి కాంతిని పీల్చుకుని అది పై 3డి స్థాయికి వెళ్తుంది. మూత తీసి వదిలేస్తే గాలిలోని ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్‌ను కూడా లాగేసుకుంటుంది, రంగు వెలిసిపోతుంది. పిల్లలు గుర్తుపెట్టుకునేది ఆ వెలిసిపోవడాన్నే.

పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్‌లో 3డి ఖాళీ, అందుకే తెలుపు. మన భీమిలి తీరపు ఇసుకలో దొరికే ఇల్మెనైట్ ఖనిజంలోనూ టైటానియం 4+గానే ఉంటుంది. దాని నలుపు మాత్రం పక్కనున్న ఇనుము వల్ల వచ్చింది.

పరీక్షలు దగ్గర పడుతున్నాయి, దయచేసి ఆ వాక్యం త్వరగా మార్చండి.