ముక్క అడిగితే లడ్డూ తెచ్చే ప్రాక్సీ

తిరుపతిలో ఏది ఆలస్యమైనా కారణం వెతకనక్కరలేదు. రద్దీ ఉండనే ఉంది. భవానీనగర్‌లోని మా కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పొద్దున మొదలైన విండోస్ అప్‌డేట్‌లు సాయంత్రమైనా పన్నెండు శాతం దాటకపోయేసరికి, "బ్రహ్మోత్సవాలు కదప్పా, కొండ మీద అందరూ వీడియోలు పంపుకుంటా ఉంటే మనకు నెట్టు యాడ మిగులుతుంది?" అని కరస్పాండెంట్ గారు తేల్చేశారు. లైన్‌మన్ వచ్చి, మోడెమ్‌ను వెనక్కి తిప్పి చూసి, లైను బ్రహ్మాండంగా ఉందని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

ఒక కంప్యూటర్ దించుకున్న ఫైలును దాచి, తక్కినవాటికి బయటికి వెళ్లకుండానే అందించాలని మా దగ్గర స్క్విడ్ ప్రాక్సీని పెట్టారు. అడిగినవన్నీ నమోదయ్యే దాని యాక్సెస్ లాగ్ తెరిస్తే, అదే ఫైలు పేరు పక్కన పైనుంచి కిందిదాకా 'టీసీపీ_మిస్' (దాచినవాటిలో లేదు, బయటినుంచే తెచ్చాను) తప్ప మరో మాట లేదు.

విండోస్ తన అప్‌డేట్‌ను ముక్కలుగా అడుగుతుంది. ముక్క అడిగినా మొత్తం ఫైలు తెమ్మని రేంజ్ ఆఫ్‌సెట్ లిమిట్ అనే సెట్టింగులోనూ, అడిగినవాడు మధ్యలో లేచిపోయినా తేవడం ఆపవద్దని క్విక్ అబార్ట్‌లోనూ ఎవరో ముందుచూపుతో రాశారు. తెచ్చినదాన్ని దాచుకుంటే అది మంచి ఏర్పాటే. మనం వేరే చెప్పకపోతే 4 ఎంబీకి మించినదాన్ని స్క్విడ్ డిస్కులో దాచదు. అందువల్ల, చిటికెడు ప్రసాదం అడిగిన ప్రతి భక్తుడి కోసమూ పరుగెత్తి కల్యాణోత్సవం లడ్డూ తెచ్చి, చిటికెడు తుంచి ఇచ్చి, మిగిలింది పారేసి, పక్కవాడి కోసం మళ్లీ పరుగెత్తే శ్రీవారి సేవకుడిలా అది శ్రమిస్తోంది.

పరిమితి పెంచలేదా అంటే పెంచారు. మాగ్జిమమ్ ఆబ్జెక్ట్ సైజ్ 6 జీబీ అని శుభ్రంగానే ఉంది. కాకపోతే డిస్కు చోటును ప్రకటించే క్యాష్ డైర్ వరుసకు కింద ఉంది. స్క్విడ్ పైనుంచి చదువుకుంటూ వచ్చి, డిస్కు ప్రస్తావన రాగానే అప్పటికి తనకు తెలిసిన 4 ఎంబీనే ఖాయం చేసుకుంటుంది. ఆ తరువాత ఎన్ని జీబీలు విన్నవించుకున్నా దానికి చెవికెక్కదు.

కింది వరుసను పైకి చేర్చి స్క్విడ్‌ను మళ్లీ నడిపాను. మొదటి కంప్యూటర్ ఎప్పటిలాగే మూలిగింది. రెండోదాని నుంచి లాగ్ నిండా హిట్లే, అంటే దాచిందే తీసి ఇస్తోంది. మర్నాడు మధ్యాహ్నానికి ల్యాబంతా నూరు శాతం. అప్‌డేట్ పూర్తికావడమన్నది మా కేంద్రం ఎరగని సంగతి కనుక, టాలీ పరీక్షను వాయిదా వేయాలని ఎవరికీ తోచలేదు. పిల్లలు జీఎస్టీ పద్దులు సగం నమోదు చేశారో లేదో, యంత్రాలన్నీ ఒకదాని వెంట ఒకటి రీస్టార్ట్ అయ్యాయి.

కరస్పాండెంట్ గారు వెంటనే లైన్‌మన్‌కు ఫోన్ చేశారు. "ఏమప్పా, నెట్టు రవంత తగ్గించి ఇస్తావా?"