రామచిలక వాళ్ల బాల్కనీలో ఉంటే మీకేంటి నొప్పి?

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక వీడియో వచ్చింది. మూడో ఫ్లోర్ వాళ్ల చిలక. రేకు పంజరం, లోపల స్టీలు గిన్నెలో నానబెట్టిన శనగలు. చిలక మెడ పక్కకి వంచి "రామా రామా" అంటోంది, వాళ్ల పాప పడీ పడీ నవ్వుతోంది. కింద వరసపెట్టి దండాలు, హార్ట్‌లు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. "ముద్దుగా ఉందండీ, కానీ రామచిలకని ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం, ఒకసారి చూసుకోండి" అని పెట్టాను.

ఇక చూడాలి. దేవుడి పేరు పలికే పక్షి మీద కేసేంటని ఒకరు. పిల్లల సరదా మీద నీళ్లు పోస్తారేంటని ఒకరు. "మరి చికెన్ తినడం నేరం కాదా" అని ఇంకొకరు. జంతువుల గురించి ఎక్కడ ఏ మాట మొదలుపెట్టినా ఆ కోడి పరిగెత్తుకుంటూ వచ్చేస్తుంది, పాపం. చివర్లో ఒకాయన, నేను రోజూ లిఫ్ట్‌లో నమస్తే చెప్పే మనిషి, "రామచిలక వాళ్ల బాల్కనీలో ఉంటే మీకేంటి నొప్పి?" అన్నారు. గ్రూప్‌లో జవాబు రాస్తే మధ్యలో వాటర్ ట్యాంకర్ మెసేజ్‌లు వచ్చి కొట్టుకుపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన దేశపు చిలకలన్నీ ఉన్నాయి. పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ నిషేధమే. ఏ జీవికి ఎంత రక్షణో చెప్పే జాబితాల్ని ఆ చట్టంలో షెడ్యూళ్లు అంటారు, చిలకలు మొదట్లో నాలుగో షెడ్యూల్‌లో ఉండేవి. 2022లో చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, రామచిలక రెండో షెడ్యూల్‌కి ఎక్కింది. పట్టుబడితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకుముందు జరిమానా పాతిక వేలు దాటేది కాదు. గూడు పాడుచేసినా, గుడ్డు తీసినా ఆ చట్టం దృష్టిలో అది వేటే. "మేం పట్టలేదండీ, కొన్నాం" అన్నా లాభం లేదు.

నీతులు చెప్పే అర్హత నాకుందా అంటే లేదు. మా ఇంట్లోనూ ఉండేది. నేను నాలుగో తరగతిలో ఉండగా తిరునాళ్లలో నాన్న కొన్నారు. అమ్మినతను గంపలోంచి ఒకదాన్ని పట్టి తీసి, రెక్క విసనకర్రలా విప్పి, కత్తెరతో పెద్ద ఈకలు వరసగా కత్తిరించి ఇచ్చాడు. "నొప్పుండదు పాపా, గోళ్లు తీసినట్టే" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, ఈక కోస్తే నొప్పి ఉండదు. ఆ పచ్చటి ముక్కలు ఏరుకుని పుస్తకంలో దాచుకున్నాను కూడా. దానికి గోపి అని పేరు పెట్టాం.

మా అమ్మమ్మ దానికి జామకాయ ముక్క అందిస్తూనే రామదాసు కథ చెప్పేది. తెలియనివాళ్లు ఎవరుంటారు? గోపన్న కిందటి జన్మలో ఒక చిలకని పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడట, ఆ పాపానికే ఈ జన్మలో గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నాడట. అంత భక్తుడికి కూడా రాముడు ఆ లెక్క మాఫీ చెయ్యలేదట. కథ అయ్యేసరికి జామకాయ కూడా అయిపోయేది. పంజరం గడి వేసి లోపలికి వెళ్లిపోయేది అమ్మమ్మ. ఈ కథకీ మన వసారాలో వేలాడే పంజరానికీ ఏదైనా సంబంధం ఉందేమో అని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఇప్పటికీ భద్రాచలం వెళ్లి వచ్చి చిలకకి "రామా" నేర్పేవాళ్లు బోలెడుమంది.

సాయంత్రం ఐదున్నరకి చిలకల గుంపు మా పెంకుటింటి మీదుగా చెరువు గట్టు వైపు వెళ్లేది. అప్పటిదాకా "గోపీ, అన్నం" అని ముద్దుగా పలికేది కాస్తా పంజరం మూలకి పోయి, ముక్కుతో ఊచ పట్టుకుని, కీచుమని అరిచేది. అందులో తెలుగు ఉండేది కాదు. గుంపు వెళ్లిపోయాక కూడా కాసేపు అరిచేది. గోపీకి ఆకలేస్తోంది అనుకుని పచ్చిమిరపకాయ పెట్టేవాళ్లం. ఒక రోజు మధ్యాహ్నం ఎవరో, బహుశా నేనే, తలుపు సరిగ్గా వెయ్యలేదు. అది బయటికి వచ్చింది. ఎగరలేదు కదా, వసారాలో నడుచుకుంటూ వెళ్లింది. పిల్లి చూసింది.

సరే, ఇప్పుడు "ఊరంతా ఉన్న పక్షికి ఇంత చట్టం ఎందుకు" అన్న ప్రశ్న. నిజమే, రామచిలక అంతరించిపోవట్లేదు. లండన్ పార్కుల్లో కూడా గుంపులు గుంపులుగా ఉంది, హవాయి దీవుల్లో అయితే అది తోటలకి పట్టిన పీడ. డల్లాస్‌లో మా కజిన్ ఉన్నాడు, "అక్కా, ఇక్కడ దీన్ని ఇండియన్ రింగ్‌నెక్ అని షాపుల్లోనే అమ్ముతారు" అంటాడు. అవి అక్కడి పంజరాల్లో పుట్టి పెరిగినవి. మన దగ్గర అమ్మేవి తొర్రల్లోంచి తీసినవి. వేసవి మొదట్లో మోడైన తాటిచెట్టు ఎక్కి, తొర్రలో చెయ్యి పెట్టి, ఇంకా ఈకలు కూడా సరిగ్గా రాని పిల్లల్ని తీస్తారు. పెద్ద పక్షులకైతే వలలు, లేదా మర్రిపాలు కాచి చేసిన బంక. గంపలో కుక్కి బస్సుల్లో, రైళ్లలో తరలిస్తారు. దారిలో చచ్చినవి పోగా మిగిలిన ఒకటి మీ వీడియోలో "రామా" అంటుంది.

పైగా తొర్రలో పిల్లని తీసేవాడు ఏ రకమో చూసి తియ్యడు. రామచిలకకి పెద్దన్నలాంటిది ఇంకోటి ఉంది, భుజం మీద ఎర్ర మచ్చ ఉంటుంది, అలెగ్జాండ్రైన్ చిలక. అమ్మేవాళ్లు పహాడీ అంటారు. బాగా మాట్లాడుతుందని దానికి గిరాకీ ఎక్కువ. ముప్పులో ఉన్న జీవుల ప్రపంచ పట్టిక ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో దానికి ఇప్పటికే ముప్పు అంచున ఉన్న జాతి అని గుర్తు పడింది. చెన్నైలో ఒక హాస్యనటుడి ఇంట్లో ఇవి దొరికితే 2023లో రెండున్నర లక్షలు కట్టించారు. కన్నుతెరవని పిల్లగా ఉన్నప్పుడు ఏది ఏదో కొనేవాడికి ఏం తెలుస్తుంది? అందుకే చట్టం అన్నిటినీ కలిపి పట్టింది. ఇది నాకు సబబుగానే ఉంది.

ఊరంతా ఉండటం గురించి ఇంకో మాట. అమెరికాలో కరోలినా పారకీట్ అని ఒక చిలక ఉండేది. గుంపులుగా వచ్చి పండ్లతోటల మీద పడేది. రైతులు కాల్చారు, టోపీల మీద ఈకల కోసం ఇంకొందరు కాల్చారు. ఒకటి పడితే మిగతావి ఎగిరిపోకుండా దాని చుట్టూ తిరిగి వచ్చేవి, అవీ పోయేవి. బోనులో మిగిలిన చిట్టచివరిది 1918 ఫిబ్రవరిలో సిన్సినాటి జూలో చచ్చింది. అంతరించే ముప్పున్న జీవుల్ని కాపాడే వాళ్ల ఎండేంజర్డ్ స్పీషీస్ యాక్ట్ వచ్చింది 1973లో. యాభై ఐదేళ్లు లేటు. ఇప్పుడైనా అక్కడ చట్టం చకచకా కదులుతుందనుకోకండి. 2008లో 14 రకాల విదేశీ చిలకల్ని ఆ చట్టం కిందికి తెమ్మని పిటిషన్ వేస్తే, వాటిలో ఒకటైన స్కార్లెట్ మకావ్ మీద తుది నిర్ణయం 2019లో వచ్చింది. జాబితాకెక్కాలంటే ముందు కరువైపోవాలి, కరువైపోయాక పదేళ్లు ఫైలు తిరగాలి. మన చట్టం కనీసం పక్షి కళ్ల ముందు ఉండగానే దాని పేరు రాసిపెట్టింది.

(మొక్కజొన్న, పొద్దుతిరుగుడు వేసిన రైతులకి చిలకల మీద కోపం ఉంది, అది న్యాయమైన కోపం. కానీ మా మూడో ఫ్లోర్‌లో పొద్దుతిరుగుడు లేదు.)

ఇక నాకు అసలు మండేది ఇక్కడ. అదే అపార్ట్‌మెంట్‌లో ఐదో ఫ్లోర్‌లో ఆఫ్రికన్ గ్రే అనే విదేశీ చిలక ఉంది. ఎర్ర తోక, లేత పసుపు కళ్లు, కాలింగ్ బెల్ మోత అచ్చం అలాగే పలుకుతుంది. దాని గురించి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు, మాట్లాడినా చెల్లదు, ఎందుకంటే వాళ్ల దగ్గర కాగితాలున్నాయి. ఇప్పుడు లెక్క చూడండి. కాకుల్లా తిరిగే రామచిలకని పెంచితే జైలు. ప్రపంచంలో అంతరించే ముప్పులో ఉన్న ఆఫ్రికన్ గ్రేని పెంచితే రిజిస్ట్రేషన్. మామూలు మనిషికి ఇది ఎలా అర్థమవుతుంది?

గ్రే చిలక కథ చిన్నది కాదు. అడవుల్లో పట్టినవే 12 లక్షలకు పైగా అంతర్జాతీయ మార్కెట్లోకి వెళ్లాయి, అదీ కాగితాల మీద లెక్కకొచ్చినవి. ఘనాలో 1990ల నుంచి నూటికి తొంభైకి పైగా మాయమయ్యాయి. 2016లో జొహానెస్‌బర్గ్‌లో సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) దేశాలు కూర్చుని దాన్ని అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో పెట్టాయి, 2017 జనవరి నుంచి అడవిలో పట్టిన గ్రే వ్యాపారం బంద్. మన దేశం 1976 నుంచి సైటిస్ సభ్యురాలే. కానీ ఒకసారి సరిహద్దు దాటి లోపలికొచ్చాక ఆ పక్షికి మన వన్యప్రాణి చట్టంలో చోటే లేదు, 2022 సవరణ దాకా. అంటే నలభై ఆరేళ్లు. దొంగతనంగా తెచ్చినవాడు విమానాశ్రయం దాటితే చాలు, బయట అంతా పెంపుడు పక్షుల వ్యాపారమే. 2020లో కేంద్రం "మీ దగ్గరున్న విదేశీ జీవుల వివరాలు ఆరు నెలల్లో చెప్పేయండి, ఎక్కడివని కాగితాలు అడగం" అంది. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోమని మళ్లీ ఆరు నెలలు.

రెండుసార్లు గడువు ఇచ్చింది ఖరీదైన పక్షి ఉన్నవాళ్లకి. తిరునాళ్లలో చిలక కొన్నవాళ్లకి దేశం మొత్తం మీద అలాంటి దారి ఏదీ? తమిళనాడులో 2023లో అటవీశాఖ తేదీ పెట్టి చిలకల్ని తెచ్చి అప్పగించమంది, అది మంచి పని. అదే తమిళనాడులో 2024 ఎన్నికలప్పుడు కడలూరులో చిలక జోస్యం చెప్పుకునే ఆయన, పోటీ చేస్తున్న సినిమా దర్శకుడు గెలుస్తాడని చీటీ తీయించాడు. వీడియో ఊరంతా తిరిగింది. అటవీశాఖ వచ్చి పట్టుకుని చిలకల్ని తీసుకుపోయింది, తర్వాత ఆయన్ని వదిలేసింది. ఆయన అంతకుముందు రోజు కూడా అదే చెట్టు కింద అదే చిలకలతో కూర్చుని ఉంటాడు కదా? ఒక్కో చీటీకి ఒక్కో గింజ తినే ఆ పక్షికి విడుదల రావాలంటే ముందు వీడియో వైరల్ కావాలా? చిలక జోస్యాన్ని నేను వెనకేసుకు రావట్లేదు. చట్టం చెట్టు కిందకి వెళ్లినంత సులువుగా గేటెడ్ కమ్యూనిటీ వాచ్‌మన్‌ని దాటట్లేదు అంటున్నాను.

నాకు కావాల్సింది మూడో ఫ్లోర్ వాళ్ల మీద కేసు కాదు. విదేశీ పక్షులకి ఇచ్చినట్టే మన చిలకలకీ ఒక ఆరు నెలలు ఇవ్వండి. తెచ్చి అప్పగించినవాళ్ల మీద కేసు ఉండదని రాతపూర్వకంగా చెప్పండి. జిల్లాకొకటి, కోసిన ఈకలు మళ్లీ వచ్చేదాకా ఉంచే పెద్ద జాలీ గది కట్టండి. ఆ తర్వాత కూడా అమ్మేవాళ్లని, తొర్రల్లో పిల్లల్ని తీయించే బ్రోకర్లని పట్టుకోండి, నేనే ఫోన్ చేసి చెప్తాను. ఇది చదివి భయపడి ఎవరూ రాత్రికి రాత్రి చిలకని బాల్కనీలోంచి వదిలెయ్యకండి మాత్రం. రెక్కలు కోసినదాన్ని వదిలితే కాకులో పిల్లులో చంపుతాయి. నాకు తెలుసు, మా గోపి వసారాలో పిల్లికే దొరికింది.

ఇది రాస్తుండగా ఒకటి జరిగింది. నిన్న లిఫ్ట్‌లో మూడో ఫ్లోర్ ఆవిడ ఎదురుపడ్డారు. ముఖం తిప్పుకుంటారనుకున్నాను. తలుపు మూసుకున్నాక మెల్లగా, "మేడమ్, ఇచ్చేస్తే మా ఆయన మీద కేసు పెడతారా?" అన్నారు. కనుక్కుని చెప్తానన్నాను. ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన అంతా విని, "తీసుకురండమ్మా, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం"ని పట్టుకెళ్లి ఆవిడకి ఏమని చెప్పను? చిలక ఇంకా బాల్కనీలోనే ఉంది. రేపు మళ్లీ ఫోన్ చేస్తాను. ఈసారి పేరు, హోదా అడిగి రాసుకుంటాను.