మతిమరుపువాళ్ల మీద సర్కారు నమ్మకం

ప్రభుత్వానికి ప్రజల మీద నమ్మకం లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. పచ్చి అబద్ధం. ఏడీహెచ్‌డీ, అంటే దేనిమీదా ధ్యాస నిలవని జబ్బు, ఉన్నవాళ్ల మీద మన సర్కారుకున్నంత నమ్మకం కన్నతల్లికి కూడా ఉండదు. వాళ్లు బండి తాళం ఎక్కడ పెట్టారో మరిచిపోతారు, పాలు పొయ్యి మీద పెట్టి ఇంకో గదిలోకి పోతారు, బ్యాంకులో డబ్బుండీ కరెంటు బిల్లు కట్టరు. అలాంటి మనిషికి డాక్టర్ ఆ జబ్బుకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర రాశారంటే చాలు, ఆ క్షణం నుంచి అతను దేశంలోకెల్లా పద్ధతైన పౌరుడు. చట్టం అలాగే అనుకుంటుంది మరి.

ఈ మందు మత్తుపదార్థాల్ని అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉంది. ఔషధ నిబంధనల్లో గట్టి కట్టుబాట్లున్న మందుల జాబితా షెడ్యూల్ ఎక్స్‌లోనూ ఉంది. కాబట్టి చీటీ రెండు కాపీలుండాలి, ఒకటి షాపువాళ్లు ఉంచుకుని రెండేళ్లు దాచాలి. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒక చీటీకి ఒక్కసారే మందు. పోనీ ఫోన్లో డాక్టర్‌కి కనబడి రాయించుకుందామా అంటే, ఇలాంటి మందులు అలా రాయకూడదని 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తేల్చేశాయి. మనిషే వెళ్లాలి. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ఆ సంగతి గుర్తుంచుకోవాలి, టైముకి చేరాలి. ఇవన్నీ చేయగలిగితే ఇక మందెందుకని కొందరు అల్పబుద్ధులు అడుగుతారు. వాళ్లకి వైద్యం తెలీదు. మందు తెచ్చుకోవడమే అసలు చికిత్స. మాత్ర చివర్లో ఇచ్చే ప్రసాదం.

మా బావమరిది కూకట్‌పల్లిలో ఒక మెడికల్ షాపుకి వెళ్లాడు. కౌంటర్లో కుర్రాడు చీటీ చదివి, మావాణ్ని కిందినుంచి పైదాకా చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది ఎవరికన్నా?"

"నాకే."

"నువ్ మంచిగనే ఉన్నవ్ గదన్నా!" అని కాసేపు ఆలోచించి, "ఇసుంటియి మేం పెట్టం" అన్నాడు.

అతని తప్పేం లేదు. షెడ్యూల్ ఎక్స్ మందులు అమ్మాలంటే ఫారం 20-ఎఫ్ అని వేరే లైసెన్సు కావాలి. విడిగా రికార్డులు రాయాలి, తాళం వేసిన బీరువా ఉండాలి. నెలకి నాలుగు స్ట్రిప్పులు పోని మందుకి ఇంత తలనొప్పి ఏ షాపువాడు పెట్టుకుంటాడు?

అంతలో పక్కనున్న పెద్దాయన, "గొంతు నొప్పి బాబూ, మొన్న ఇచ్చిన సెఫిక్సిమ్ రెండు ఇవ్వు" అన్నాడు. చీటీ గీటీ ఏం లేదు. కుర్రాడు కత్తెర తీసి స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు టక్కున కత్తిరించి ఇచ్చాడు. అది యాంటీబయాటిక్, షెడ్యూల్ హెచ్1 అనే ఇంకో జాబితాలోని మందు. చీటీ ఉంటేనే ఇవ్వాలి, కొన్నవాడి పేరు రిజిస్టర్లో ఎక్కించాలి. రిజిస్టర్ ఉంది, కాదనను. దాని అట్ట మీద చాయ్ గ్లాసు పెట్టి ఉంది. మరకల్ని బట్టి చూస్తే చాలాకాలంగా అదే వాడుక.

తర్వాత ఒక పెద్దాసుపత్రి ఫార్మసీ. అక్కడ లైసెన్సూ ఉంది, బీరువా ఉంది, బీరువాలో మందూ ఉంది.

"తాళం సార్ దగ్గరుంది. సార్ తినొస్తానికి పోయిండు."

సార్ వచ్చారు. చీటీ చూశారు. రెండో కాపీ జిరాక్స్ అయితే కుదరదు, దాని మీదా డాక్టర్ సంతకం ఉండాలన్నారు. ఉంది. చీటీలో పది మిల్లీగ్రాముల మాత్ర అని ఉంది, మా దగ్గర ఐదువే ఉన్నాయన్నారు.

"ఐదువి రెండేసి వేసుకుంటా సార్, పదేగా?"

"లెక్క కరెక్టే. చీటీ మార్పించుకుని రండి."

ఈ నిక్కచ్చితనం ముందు తల వంచాల్సిందే. నవ్వులాటకి అనడం లేదు. ఈ మందుని పరీక్షలకి రాత్రంతా చదవడానికి మింగేవాళ్లూ ఉన్నారు, అదుపు అవసరమే. కాకపోతే ఆ అదుపంతా, డాక్టర్ సంతకం చేతపట్టుకుని పట్టపగలు దర్జాగా వచ్చినవాడి దగ్గరే దొరుకుతోంది.

సర్కారుకి దయ లేదని కూడా అనలేం. 2023 డిసెంబర్లో తెలంగాణలో పెండింగ్ ట్రాఫిక్ చలాన్ల మీద బైకులకి 80 శాతం మాఫీ ఇచ్చింది. సిగ్నల్ దూకి, ఆపైన జరిమానా కట్టడం మరిచిపోయినవాడికి అది పండగ ఆఫర్. చీటీ కాపీ మరిచిపోయినవాడికి మాత్రం ఒక్క మాత్ర రాదు. మరి మొదటివాడికి మరుపు అలవాటు, రెండోవాడికి జబ్బు. జబ్బున్నవాళ్లతోనే కఠినంగా ఉండాలని పెద్దలకి తోచినట్టుంది.

ఈ మందుని 1944లో స్విట్జర్లాండ్‌లో తయారుచేసిన లియాండ్రో పానిజోన్, భార్య రీటా పేరు కలిసొచ్చేలా దానికి రిటాలిన్ అని పెట్టాడు. ఆవిడ టెన్నిస్ ఆడేముందు ఒకటి వేసుకునేదట. ఇప్పుడు మన ఊళ్లో ఉండుంటే, సార్ భోజనం చేసి వచ్చేసరికి మ్యాచ్ అయిపోయేది.

ఇంట్లో వాళ్ల సహకారమూ తక్కువేం కాదు. మా పెద్దత్తయ్య సరస్వతీ లేహ్యం డబ్బా పంపింది. దానికి చీటీ అక్కర్లేదు. ఎర్రగడ్డ పేరెత్తకుండా సలహా ఇచ్చిన బంధువు ఆవిడొక్కతే కాబట్టి మావాడు భక్తిగా రెండు చెంచాలు తిని, డబ్బా ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు.

ఔషధ నియంత్రణ శాఖవారికి ఈ కాలమ్ ద్వారా ఒక మనవి. ఫారం 20-ఎఫ్ లైసెన్సున్న ప్రతి షాపు ముందూ ఆ సంగతి తెలిపే బోర్డు పెట్టించండి, జనానికి ఊరంతా తిరిగే పని తప్పుతుంది. దానివల్ల దుర్వినియోగం పెరుగుతుందని భయముంటే బోర్డుకి గుడ్డ కప్పి, రెండు కాపీల చీటీ చూపించినవాళ్లకే తీసి చూపించండి. ఆ బీరువాకి మాత్రం ఇంకో తాళంచెవి చేయించండి సార్.